ఫ్యాన్లు ఆపితే పెరిగే శ్రుతి

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, ఓడలున్నాయి, జపాన్‌లో పుట్టి అండమాన్ చేరిన ఒక వింత యంత్రం ఉంది, దాన్ని మచ్చిక చేసుకున్న ఒక ఏకాకి ఉన్నాడు, ఒక ద్రోహం ఉంది, చివర్లో ఒక మరణం కూడా ఉంది.

ఇంత చెప్పాక నిజం కూడా చెప్పేయడం మంచిది. సముద్రం మాకు ఎటు తిరిగినా ఉంటుంది, అందులో నా గొప్పేమీ లేదు. ఓడలంటే మా ఊరు బాంబూఫ్లాట్‌కీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య తిరిగే ఫెర్రీ. యంత్రం ఆదివారాలు మా చర్చిలో ఎడమ పక్క కిటికీ దగ్గర, ఒక ప్లాస్టిక్ బల్ల మీద ఉండేది. ద్రోహం చేసింది నేను, అదీ పెద్ద ప్రయత్నమేమీ లేకుండా. మరణం మాత్రం నిజమే. అది కూడా మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నప్పుడు, ఎవరికీ ఇబ్బంది లేకుండా జరిగిపోయింది. మహాగాథ అయిపోయింది. మిగిలినది చెబుతాను.

పోయిన ఆదివారం విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పాస్టరుగారు మా చర్చిలో వాక్యం చెప్పారు. ఆరాధన అయ్యాక టీ గ్లాసు పట్టుకుని, కీబోర్డు వాయించే నా దగ్గరికి వచ్చి, నన్ను పక్కకి తీసుకెళ్లారు. మీ సంఘం రెండో చరణం దాకా చక్కగా పాడింది, మూడో చరణంలో అందరూ కట్టకట్టుకుని శ్రుతి దాటి పైకి వెళ్లిపోయారు అన్నారు. ఒకడు తప్పితే పొరపాటు అనుకోవచ్చు గానీ, అంతమంది ఒకేసారి ఒకే ఎత్తుకి తప్పడం తానెక్కడా వినలేదట.

"సరే, వాళ్లంటే వెళ్లారు. కీబోర్డు కూడా ఎందుకు వెళ్లింది బాబూ?"

"అలవాటండి," అన్నాను.

"ఎవరి అలవాటు?"

నేను టీ తాగాను. ఆ ప్రశ్నకి జవాబు ఒక మనిషి. ఆ మనిషి ఈ వర్షాకాలంలో పోయాడు. అంత సంగతి ఒక టీ గ్లాసు నిడివిలో చెప్పడం కుదరదు. అందుకని, ఇక్కడి గాలిలో తేమ ఎక్కువండి అన్నాను. ఆయన తలూపారు. అండమాన్‌లో ఏ తప్పునైనా తేమ మీదకి నెట్టేయవచ్చు. ఒప్పుకోనివాళ్లని నేనింతవరకూ చూడలేదు.

ఆ పోయిన మనిషిని నేను మావయ్య అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. బాంబూఫ్లాట్‌లో తెలుగువాళ్ల తాతలంతా ఇంచుమించు ఒకే రకం ఓడల్లో, ఒకే రకంగా వాంతులు చేసుకుంటూ ఇక్కడికి వచ్చారు కాబట్టి మేమందరం బంధువులమే. ఆయన జీవితచరిత్ర కావాలంటే ఒక వాక్యం సరిపోతుంది: హార్బర్ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్, భార్య తొందరగా పోయింది, పిల్లల్లేరు. ఇంతే.

హార్బర్‌లో ఎవరూ విడిపించుకోని సామాను అప్పుడప్పుడు వేలం వేసేవారట. పెట్టె విప్పి చూడనివ్వరు. బరువు చూసి, ఊపి చూసి, దేవుడి మీద భారం వేసి పాడుకోవాలి. అప్పటికి ఇంట్లో ఆవిడ కుట్టుమిషను కావాలంటోంది. ఆయన ఒక పెట్టెని రెండు చేతులా లేపి చూసి, ఇది కుట్టుమిషనే అని తీర్మానించి పాడేశాడు. ఇంటికి తెచ్చి విప్పితే ముప్పై ఏడు మీటలూ, వాటి పైన రెండు వరసల నాబ్‌లూ, జపాను అక్షరాలూ కనిపించాయి. సూది పెట్టే చోటు మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీంతో నాకో జాకెట్టు కుట్టండి చూద్దాం" అన్నదట. ఈ సంగతి ఆయన నాకు కనీసం ఇరవైసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఆవిడ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చేవాడు. ఆవిడ గొంతు నాకు గుర్తులేదు. నాకు తెలిసినదల్లా ఆయన అనుకరించిన గొంతే.

అది పాతకాలపు ఎనలాగ్ సింథసైజర్. ఆ జాతి చరిత్ర కూడా నాకు ఆయనే చెప్పాడు. తరవాత ఫోన్లో వెతికితే చాలావరకు నిజమేనని తేలింది. మొదట్లో అవి బీరువాలంత ఉండేవట, గోడ నిండా. ఒక్క శబ్దం తయారుచేయాలంటే పాత టెలిఫోన్ ఎక్స్చేంజిలో లాగా పది పదిహేను తీగలు ఇక్కడి నుంచి అక్కడికి గుచ్చాలి. రేపు అదే శబ్దం కావాలంటే మళ్లీ గుచ్చాలి. తరవాత తీగలు లోపలికి పోయాయి, బీరువా సూట్‌కేసయింది, ప్రతి బ్యాండువాడూ ఒకటి కొనుక్కున్నాడు. ఆపైన డిజిటల్ కీబోర్డులు వచ్చాయి. బటన్ నొక్కితే వయొలిన్, ఇంకోటి నొక్కితే వేణువు, శ్రుతి ఎండకీ వానకీ కదలదు. దాంతో పాతవాటిని అటకెక్కించారు, పారేశారు, ఓడలెక్కించి ఎక్కడికో పంపేశారు. కొన్నేళ్లకి, కొత్తవాటిలో ఏదో తక్కువైందని గోల పెట్టి, పారేసినవాళ్లే పాత సామాన్ల కొట్లలో వాటికోసం తవ్వుకోవడం మొదలుపెట్టారు. దీనంతటినీ మావయ్య ఒక్క మాటలో తేల్చేవాడు: "జనానికి ముందు పాతది బరువు, తరవాత కొత్తది బోరు."

అది ఎలా పనిచేస్తుందో చెప్పేటప్పుడు ఆయన చేతులు చూడాలి. లోపల కరెంటు గొంతు ఒకటి ఎప్పుడూ అరుస్తూనే ఉంటుందట. రంపంలాంటి అరుపు, అన్ని స్వరాలూ కలిసిన గంజిలాంటి అరుపు. మనం ఫిల్టర్ నాబ్ తిప్పి దాన్ని వార్చాలి. ఇలా అంటూ కుడి చేత్తో లేని గిన్నెని వంచి, ఎడమ చేత్తో లేని మూతని అడ్డం పట్టుకునేవాడు. "ఇందులో కలపడమన్నది లేదొరే. తియ్యడమే. అక్కర్లేనిదంతా తీసేస్తే మిగిలిందే పాట." మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నేను గంభీరంగా తలూపాను. ఆ పూట ఆయన కూరలోంచి ఉప్పు కూడా తీసేశాడు.

శబ్దం ఎలా పుట్టి ఎలా పోవాలో చెప్పే నాలుగు నాబ్‌లు వేరే ఉండేవి. వాటికి ఆయన ఫెర్రీని ఉదాహరణగా చెప్పేవాడు. మొదటి నాబ్, ఇంజను ఎంతసేపట్లో అందుకుంటుందో చెబుతుంది. రెండోది, అందుకున్నాక ఎంత తగ్గుతుందో. మూడోది, దారిలో ఎంత వేగం నిలుస్తుందో. నాలుగోది, ఇంజను ఆపేశాక కూడా ఫెర్రీ జెట్టీ దాకా ఎంతసేపు జారుతూ వస్తుందో. ఆయనకి ఆ నాలుగోది ఇష్టం. మీట మీద నుంచి వేలు తీసేశాక కూడా శబ్దం సాగుతూ, సన్నబడుతూ కిటికీ దాకా వెళ్లి ఆగేది. అది ఆగేదాకా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఎవరూ అంటే నేనే, ఇంకెవరుంటారు అక్కడ.

దానికి జ్ఞాపకశక్తి లేదు. శబ్దాన్ని దాచుకోలేదు. అందుకని ఆయన ఒక పొడుగాటి నోటుబుక్కు పెట్టుకున్నాడు. ప్రతి పాటకీ ఒక పేజీ, పేజీ నిండా గుండ్రాలు, ప్రతి గుండ్రంలో గడియారం ముల్లులాంటి గీత. ఫిల్టర్ పదిన్నర, స్వరాన్ని జార్చే గ్లైడ్ రెండుంపావు, ఇలా. ఒకే పాటకి వానాకాలం పేజీ వేరు, ఎండాకాలం పేజీ వేరు. మా చర్చి సెక్రెటరీ అంకుల్ ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, ఇన్ని టైముల్లో మందులేసుకుంటున్నావా భయ్యా, షుగరా అని జాలిపడ్డారు. మావయ్య కాదనలేదు. వివరించడం కన్నా షుగరుందని ఒప్పుకోవడం తేలిక అన్నాడు. ఆ తరవాత చాలాకాలం చర్చిలో ఆయనకి చక్కెర లేని టీ ఇచ్చారు. తాగాడు.

ఇంకో సంగతి. అది ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. రెండు మీటలు నొక్కితే పైదే వినిపిస్తుంది, కిందది నోరు మూసుకుంటుంది. మన చర్చి కమిటీ కంటే నయంరా, ఒకళ్లే మాట్లాడతారు అనేవాడు. ఒక్కడే ఉండే ఇంటికి సరిపోయిన వాయిద్యం అని నాకు అనిపించేది గానీ అనలేదు. అంటే కవిత్వం చెప్పకురా, టీ పెట్టు అనేవాడు.

అందులో గాలిలాంటి, వానలాంటి ఉత్త హోరు పుట్టించే నాబ్ ఒకటి ఉండేది. దాన్ని ఫిల్టర్‌తో మెల్లగా మూస్తూ తెరుస్తూ ఉంటే అచ్చం అలలు. సాయంత్రాలు ఆయన చేసే పని అదే. చుట్టూ సముద్రం ఉన్న ఊళ్లో ఒక మనిషి కిటికీలు మూసుకుని, కరెంటు ఖర్చుపెట్టి, సముద్రం తయారుచేసుకునేవాడు. కిటికీ తీస్తే నిజంది వినిపిస్తుంది కదా మావయ్యా అన్నాను. బయటదాంట్లో ట్రెబుల్ ఎక్కువైపోయిందిరా అన్నాడు.

చర్చిలోకి ఆ యంత్రం వచ్చిన కథ చిన్నది. హార్మోనియంలో రేకులు తుప్పుపట్టి గొంతు బొంగురుపోయింది. బాగుచేసేవాడు ఇక్కడ లేడు. నా దగ్గరొక డబ్బా ఉందండీ అని మావయ్య అన్నాడు. ఆ డబ్బా సుమారు పాతికేళ్లు పలికింది.

ఆదివారం ఆరాధన ఏడున్నరకైతే ఆయన ఆరింటికే స్కూటర్ మీద పెట్టెతో వచ్చేవాడు. ప్లగ్గు పెట్టి, స్విచ్ వేసి, దాని మూత మీద అరచెయ్యి వేసి కూర్చునేవాడు, పిల్లవాడికి జ్వరం చూస్తున్నట్టు. అది వేడెక్కాలి. వేడెక్కేదాకా శ్రుతి నిలవదు. ఎవరైనా పాట ఎత్తుకుందామని తొందరపెడితే "గరమ్ అవనీ" అనేవాడు. ఆ మాట ఆయన నోట్లో అన్నిటికీ మందు. టీ గురించి అడిగినా, ఫెర్రీ ఆలస్యమైనా, పెళ్లివాళ్లు కబురు చేయలేదని ఎవరైనా ఏడ్చినా, "గరమ్ అవనీ". నాకు ఉద్యోగం రాలేదన్నప్పుడు కూడా అదే అన్నాడు. నేను రెండేళ్లు గరమ్ అయ్యాను.

ఇక్కడ మా చర్చి ఆచారం ఒకటి చెప్పాలి. మాకు రేకుల కప్పు, నాలుగు పాత ఫ్యాన్లు. ఫ్యాన్లు తిరిగితే వాటి కీచు మైకులోకి వస్తుంది, పాటల పుస్తకాల్లో పేజీలు వాటంతటవే తిరిగిపోతాయి. అందుకని పాట మొదలవగానే స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు నాలుగూ ఆపేస్తారు. ప్రార్థన రాగానే మళ్లీ వేస్తారు. మా దగ్గర దేవుణ్ణి స్తుతించాలంటే ఉడకాల్సిందే, వేడుకోవడం మాత్రం చల్లగా.

ఆ యంత్రంలో వేడి మారినా శ్రుతి కదలకుండా చూసే చిన్న భాగం ఒకటి ఉండాలట. ఉప్పుగాలికి అది ఎప్పుడో చచ్చిపోయింది. దాని బదులు ఇంకోటి దొరకలేదు. కాబట్టి ఫ్యాన్లు ఆగితే యంత్రం వేడెక్కేది, యంత్రం వేడెక్కితే శ్రుతి పెరిగేది. మొదటి చరణంలో ఒకచోట, రెండో చరణంలో దానికి వెంట్రుకవాసి పైన, మూడో చరణానికి బాగా పైన. జనం దాని వెంటే వెళ్లేవారు. అందరూ కలిసి వెళుతుంటే వెళుతున్నట్టు ఎవరికి తెలుస్తుంది? ప్రార్థనలో ఫ్యాన్లు తిరిగేవి, డబ్బా చల్లబడి కిందికి దిగేది, మళ్లీ పాట, మళ్లీ ఎక్కడం. పాతికేళ్లలో రెండు తరాలు అలాగే పాడటం నేర్చుకున్నాయి. నేనూ వాళ్లలో ఒకణ్ణే. మూడో చరణం అంటే పైకి వెళ్లేదని నా నమ్మకం, ఆమెన్ అంటే అయిపోయినట్టని ఎలా నమ్ముతామో అలాగే.

తరవాత ద్రోహం. సంఘానికి ఎవరో కొత్త కీబోర్డు బహుమానంగా ఇచ్చారు. అందులో అన్నీ ఉన్నాయి, శ్రుతి కదలదు, పది వేళ్లతో వాయిస్తే పదీ పలుకుతాయి. వాయించడానికి కుర్రవాడు కావాలి. మావయ్య ఇంట్లో మీటలు నేర్చుకున్న కుర్రవాణ్ణి నేనొక్కణ్ణే. కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. సెక్రెటరీ అంకుల్ మావయ్యతో, ఇంతకాలం మోశారు, ఇక విశ్రాంతి తీసుకోండి అని మర్యాదగానే చెప్పారు. ఆయన "సరే" అన్నాడు. తన డబ్బాని తువ్వాలుతో తుడిచి, పెట్టెలో పెట్టి, తాళ్లు కట్టుకుని తీసుకెళ్లాడు. నేను సాయం పట్టాను. అది నా మంచితనం అని అప్పుడు అనుకున్నాను.

కొత్త కీబోర్డు మొదటి ఆదివారం నాకు బాగా గుర్తు, ఎందుకంటే మర్చిపోదామని చాలా ప్రయత్నించాను. మొదటి చరణం బ్రహ్మాండం. రెండో చరణంలో ఏదో గీరుకుంటున్నట్టు మొదలైంది. మూడో చరణానికి సంఘం మొత్తం పైకి వెళ్లిపోయింది, కీబోర్డు కింద ఉండిపోయింది. రెండూ కలిసి, పళ్లెం మీద గరిటె ఈడ్చినట్టుంది. జనం పాడుతూనే నా వైపు చూడటం మొదలుపెట్టారు. ఆ చూపుల్లో తప్పు ఎవరిదన్న సందేహం లేదు. నేను గట్టిగా వాయిస్తే వాళ్లు ఇంకా గట్టిగా పాడారు.

మావయ్య వెనక బెంచీలో, స్విచ్‌బోర్డు పక్కన కూర్చుని ఉన్నాడు. లేచాడు. నడవలోంచి నెమ్మదిగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను, లేదా లేపి తాను కూర్చుంటాడేమో అనుకున్నాను. కీబోర్డుకి ఎడమ చివర శ్రుతిని వంచే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. ఆయన దానిమీద బొటనవేలు పెట్టి, మీటల వైపు చూడకుండా, జనం వైపు చూస్తూ, మెల్లగా పైకి నెట్టాడు. గరిటె చప్పుడు ఆగిపోయింది. చరణం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు, వంగి, ఒక్క వేలితో, నా భుజం మీద ఆయన ఊపిరి తగిలేంత దగ్గరగా.

"ఈళ్లని దింపలేవురా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వే ఎల్లాల."

ఆరాధన అయ్యాక మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటుంటే అడిగాను. శ్రుతి పెరుగుతోందని తెలుసా మావయ్యా అని. తెలుసన్నాడు. దాన్ని దించడానికి నాబ్ ఉంది కదా అన్నాను. ఉందన్నాడు. మొదట్లో చరణానికి చరణానికి మధ్య చిటికెడు తిప్పేవాడట, ఎవరికీ తెలియకుండా.

"ఓ ఆదివారం తిప్పడం మర్చిపోనాను. చూస్తే అందరూ నా ఎనకాలే వచ్చేసినారు. ఆడోళ్లు, మగోళ్లు, పిల్లలు, అందరూ." చెప్పు పట్టీ బిగించుకున్నాడు. "ఇంటికెల్తే పిల్లి కూడా నా ఎనక రాదు కదరా. ఇంక తిప్పబుద్ధి కాలేదు."

పిల్లికి చేప పెట్టాలి మావయ్యా అన్నాను.

"పెడతన్నాను. తినేసి సెక్రెటరీ ఇంటికి పోతాంది."

తరవాత నాకు పోర్ట్ బ్లెయిర్‌లో మొబైల్ రిపేరు కొట్లో పని దొరికింది. రోజూ ఫెర్రీ ఎక్కడం బద్ధకమై అక్కడే ఆస్టినాబాద్‌లో గది తీసుకున్నాను. బాంబూఫ్లాట్‌కి ఆదివారాలే. ఆరాధన అయ్యాక మావయ్య ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చునేవాణ్ణి, తరవాత అరగంట, తరవాత స్కూటర్ దిగకుండా గేటు దగ్గర. ఆయన దీన్ని గమనించినట్టు కనిపించేవాడు కాదు. ప్రతిసారీ రెండు గ్లాసులు మాత్రం బయట పెట్టి ఉండేవి.

ఈ వేసవిలో ఒక ఆదివారం ఆయన నన్ను లోపలికి పిలిచాడు. ఒక్క పాట వాయించాలని ఉందన్నాడు. చర్చిలో, తన డబ్బా మీద, ఒక్కసారి. మూడు చరణాలు. వానలు పడేలోపు అయితే మంచిదని, తరవాత దానికీ తనకీ జలుబు చేస్తుందనీ అన్నాడు. కమిటీని నువ్వడగాలి అన్నాడు. మీరే అడగొచ్చుగా అన్నాను.

"నేనడిగితే పాతోడు కుర్చీ అడిగినట్టుంటాది. నువ్వడిగితే పాట అడిగినట్టుంటాది."

అడుగుతానన్నాను.

ఎందుకు అడగలేదో చెప్పాలంటే పెద్ద కారణాలు చాలా తయారుచేయవచ్చు. అసలు కారణం చిన్నది. ఆయన అక్కడ కూర్చుంటే ఆ పాట సేపు నేను ఎక్కడ కూర్చోవాలి? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? మూడో చరణంలో జనం ఆయన వెంట హాయిగా, నెట్టేవాడు అక్కర్లేకుండా వెళ్లిపోతే, అది విన్నాక వచ్చే ఆదివారం, వారం వారం నెట్టే ఆ చక్రం మీద నేను మళ్లీ వేలు ఎలా పెట్టాలి? ఇవీ నా సమస్యలు. పక్కవాడి జీవితంలో మిగిలిన ఒకే ఒక్క కోరికతో తూచి చూస్తే ఇవే బరువుగా తూగాయి. నా త్రాసు అలాంటిది.

మీటింగు జరగలేదు మావయ్యా అన్నాను మొదటిసారి. సెక్రెటరీ అంకుల్ ఊళ్లో లేరు అన్నాను రెండోసారి. ఆయన అప్పుడు మాకు ఎదురుగానే, రోడ్డుకి అటు పక్క చేపలు బేరమాడుతున్నారు. మావయ్య అటు చూసి, ఇటు చూసి, "గరమ్ అవనీ" అన్నాడు. మూడోసారి, మీటింగు వాయిదా పడిందన్నాను. దానికి కూడా అదే. అన్నిసార్లూ ఒకే గొంతుతో అన్నాడు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. తేల్చుకోకుండా ఉండటం నాకు అనుకూలం.

పక్కింటావిడ తరవాత చెప్పింది. ఆ రెండు నెలలూ ప్రతి ఆదివారం తెల్లవారకముందే ఆయన ముందుగదిలో లైటు వెలిగేదట. ఆరింటికల్లా డబ్బా ఆన్ చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దానిమీద చెయ్యి వేసి కూర్చునేవాడట. నేను అడిగి ఉంటే, కమిటీ ఆ పొద్దున సరే అంటే, అది సిద్ధంగా ఉండాలి కదా. ఏడుంపావుకి ఆపేసి, చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. వానలు మొదలయ్యాయి. రెండో వారంలో పోయాడు.

ఇల్లు ఖాళీ చేయించే పని సెక్రెటరీ అంకుల్ మీద పడింది. గిన్నెలు, మంచం ఎవరెవరికో ఇచ్చారు. ఆ డబ్బా నీకు పనికొస్తుందా, లేకపోతే స్టోర్‌లో పడేయనా అని నన్నడిగారు. తెచ్చుకున్నాను. నోటుబుక్కు కూడా. చివరి రాసిన పేజీలో ఒక పాట పేరు, దాని కింద గుండ్రాలు. ఎండాకాలం గీతల్ని కొట్టేసి వానాకాలం గీతలు గీశాడు. అంటే వానలు పడ్డాక కూడా ఎదురుచూశాడన్నమాట. పేజీ అడుగున రెండు లైన్లు: "ఫ్యాన్లు ఆపాలి. మూడో చరణంలో ఏమీ చెయ్యొద్దు."

జ్ఞాపకార్థ కూడికకి ఆ పాట ఆ డబ్బా మీద వాయించాలనుకున్నాను. ఈసారి అడిగాను. సెక్రెటరీ అంకుల్ ప్లాస్టిక్ కుర్చీలు లెక్కపెడుతున్నారు. తల ఎత్తకుండా "వాయించు, దానికి నన్నడగడం ఏంటి?" అని, లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. అంతే. నేను మూడుసార్లు అబద్ధమాడి తప్పించుకున్న పని అరనిమిషం కూడా పట్టలేదు.

ఆ రోజు ఆరింటికే వెళ్లాను. ప్లగ్గు పెట్టాను, గీతల ప్రకారం నాబ్‌లు తిప్పాను, మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాను. వేడెక్కుతున్న కొద్దీ పాత దుమ్ము, కాస్త కొబ్బరినూనె కలిసిన వాసన వచ్చింది. పాట మొదలైంది, ఎవరో ఫ్యాన్లు ఆపారు. ఒక్క వేలితో వాయించాను. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. మూడో చరణంలో ఏమీ చెయ్యలేదు.

అయ్యాక ఒకావిడ దగ్గరికి వచ్చి, ఇవాళ కీబోర్డు బాగుంది బేటా, కొత్తది కొన్నారా అంది. అవునాంటీ అన్నాను.

అందరూ వెళ్లాక తాళం వేసే పని నాకు అప్పగించారు. మా చర్చి తలుపు రోజంతా గోడకి ఆనించి తెరిచే ఉంటుంది కాబట్టి దాని వెనక ఏముందో నేనెప్పుడూ చూడలేదు. మూయడానికి లాగితే గోడ మీద ఒక నోటీసు కనిపించింది. కాగితం పసుపుపచ్చగా మారింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ప్రత్యేక గీతం పాడగోరువారు గానీ వాయించగోరువారు గానీ శనివారం సాయంత్రం ఐదు గంటలలోపు తమ పేరు చీటీ మీద రాసి పాస్టరుగారికి ఇవ్వవలెను, కమిటీ అనుమతి అవసరం లేదు, అని ఉంది. చీటీలు కింద అరలో ఉన్నాయి. పక్కనే దారంతో కట్టిన పెన్ను ఉంది. రాసి చూశాను, రాస్తోంది.